బెడ్‌పాన్ సాక్ష్యం

నేను ఒక బెడ్‌పాన్‌ని. ముక్కు మూసుకున్నారా? మూసుకోండి, చెవులు మాత్రం తెరిచి ఉంచండి. పాన్ అనగానే కిళ్లీకొట్టు గుర్తొస్తే అది మీ నోటి పుణ్యం. నా వ్యవహారం రెండో దిక్కున.

నాతోపాటు ఒకే స్టీలు రేకులోంచి పుట్టిన తోబుట్టువు పులిహోర బేసినై పెళ్లిళ్లకు పోయింది. నేను ఆసుపత్రికొచ్చాను. స్టెయిన్‌లెస్ అని ముద్ర గుద్ది మరీ పంపారు. మచ్చలేని పుట్టుక నాది. ఆ తర్వాత బతుకంతా మచ్చలు కడిగించుకోవడమే.

కాన్పుల వార్డులో రెండేళ్లు, ఎముకల వార్డులో నాలుగేళ్లు చేశాక, ప్రమోషనో డిమోషనో తెలియకుండా క్యాన్సర్ ముదిరినవాళ్ల వార్డుకి బదిలీ అయ్యాను. మనుషులు భలేవాళ్లు. నేను రావడం ఆలస్యమైతే దేవుణ్ని పిలిచినట్టు పిలుస్తారు. వచ్చి పని కానిచ్చాక దెయ్యాన్ని చూసినట్టు చూస్తారు.

ఆ వార్డు నర్సు సువార్త. పేరే సువార్త గానీ ఆమె చేతికొచ్చే రిపోర్టుల్లో ఒక్క మంచి వార్తా ఉండదు. ఆ వేసవిలో ఏడో మంచం మీదకి దాలమ్మ వచ్చింది. బస్టాండు దగ్గర చలివేంద్రంలో కూర్చుని ఊరందరికీ కుండనీళ్లు పోసిన మనిషి. జబ్బు నడుము ఎముకల్లోకి పాకింది. గుండె బలహీనం కాబట్టి సెలైను ఎక్కువ ఎక్కించకూడదు, నీళ్లు నోటితోనే తాగాలి.

తాగిన నీళ్లెన్ని, పోసిన మూత్రమెంత అని రాసే ఆమె చార్టు రెండు రోజులు ముచ్చటగా ఉంది. ఆయా అసిరమ్మ నన్ను తెచ్చి దుప్పటి కింద పెట్టేది. "నువ్వెల్లు, నానే సూసుకుంటాను" అనేది దాలమ్మ. కాసేపటికి అసిరమ్మ మొహం అటు తిప్పుకుని నన్ను మోసుకెళ్లి పారబోసి, "మూడొందలుంటాదండీ" అని అందాజుగా చెప్పేది. చార్టులో అదే ఎక్కేది.

నిజం నాకొక్కదానికే తెలుసు. నాలో పడింది మంచినీళ్లు! తాగమని ఇచ్చిన గ్లాసును దాలమ్మ దుప్పటి చాటున నాలో ఒంపేస్తోంది. అరుద్దామంటే ఇంత పెద్ద నోరుండీ మాట లేదు నాకు.

మూడో రోజు మధ్యాహ్నం రక్తపరీక్ష వచ్చింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయి. డాక్టరు గారు రిపోర్టునీ చార్టునీ పక్కపక్కన పెట్టి తల గోక్కున్నారు. "ఐదింటికి మళ్లీ చూస్తాను. ఇలాగే ఉంటే విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపాల్సిందే" అన్నారు. ఆ ఎముకలతో అంబులెన్సులో డెబ్బై కిలోమీటర్లు!

అప్పుడే అసిరమ్మ నన్ను మోసుకెళ్తోంది. సువార్త ఆపి తానే అందుకుంది. అరచేయి నా అడుగుకి తగిలింది. ఆగిపోయింది. అప్పుడే వాడిన పాన్ వెచ్చగా ఉండాలి. నేను కుండలా చల్లగా ఉన్నాను.

తెర లాగి మంచం పక్కన కూర్చుంది. "మామ్మా, ఇవి తాగే నీళ్లు కదూ?"

అప్పటిదాకా నీళ్లు తాగని దాలమ్మ కాసేపు నీళ్లు నమిలింది. "దాని మీదికి ఎక్కిత్తే నడుం ఇరిగినట్టుంటాది సిస్టరమ్మా. మరి, నాను పోసింది మరొకులు మొయ్యడమేటి? తాగితే గదా పొయ్యాల. అందుకే తాగడం మానీసినాను."

సువార్త తిట్టలేదు. "చలివేంద్రంలో ఎన్నేళ్లు కూర్చున్నావు?"

"పద్దెనిమిది ఎండాకాలాలు."

"పోసేటప్పుడు ఎటు చూసేదానివి?"

"సెంబునే సూడాల. తాగీవోడి మొకం సూడకూడదమ్మా. సిగ్గుపడి సగం తాగి ఎలిపోతాడు."

"నేనూ నీ మొహం చూడను. నువ్వు నిండా తాగు."

నొప్పిమందు పట్టింది. గుక్క గుక్కగా రెండు గ్లాసుల నీళ్లు పట్టింది. నాలుగున్నరకి నన్ను వేడినీళ్లతో వెచ్చజేసి, తుడిచి, అంచుకి పౌడరు రాసింది. పెళ్లికి పోయిన నా తోబుట్టువుకి కూడా ఇంత ముస్తాబు జరిగి ఉండదు! దాలమ్మను పక్కకి ఒత్తిగిల్లించి, నన్ను జరిపి, మెల్లగా వెనక్కి వాల్చి, నడుం కింద దిండు పెట్టింది. తర్వాత వీపు తిప్పి తెరవైపు నిలబడింది.

ఏమీ లేదు.

ఐదుకి పది నిమిషాలు. తెర అవతల ఎవరో అంబులెన్సు డ్రైవరుకి ఫోన్ చేస్తున్నారు. నా ఒంట్లో వేడి దిగిపోతోంది. దాలమ్మ పళ్లు బిగించింది. సువార్త వేళ్లు తెర అంచుని పిండుతున్నాయి, తల మాత్రం తిరగలేదు. డాక్టరు గారి బూట్ల చప్పుడు వార్డు గుమ్మం దాటింది.

ఒక చుక్క. మూడు చుక్కలు. ఆగింది.

ఆ తర్వాత సన్నటి ధార. రంగు టీ డికాషన్ లాంటిదే, కానీ వెచ్చగా, నిజంగా వెచ్చగా! ఇన్నేళ్ల సర్వీసులో ఆ వేడికి నేను అంత మురిసింది లేదు. అయినా సువార్త కదల్లేదు.

"అయిపోనాదమ్మా" అంది దాలమ్మ. "ఇప్పుడు సూడొచ్చు."

ఈసారి కొలత జగ్గులో పోశారు. నూట ఎనభై మిల్లీలీటర్లు. పారబోసిన నీళ్ల సంగతి సువార్త చెప్పాక డాక్టరు గారు అంబులెన్సు వద్దన్నారు. దాలమ్మ మరో ఐదు వారాలు అదే మంచం మీద అడిగి మరీ నీళ్లు తాగింది. చివరి రోజు కూడా రెండు చెంచాలు తాగే వెళ్లింది.

ఇప్పుడు వార్డులో ప్లాస్టిక్ వాళ్ల రాజ్యం. అంచు సొట్టపడిందని నన్ను స్టోరు గదిలో బోర్లించారు. నిన్న దూది కట్టల కోసం సువార్త వచ్చింది. ఆ రోజు నుంచీ ఏ పాన్ కనిపించినా అడుగున చేయి ఆనించడం ఆమెకు అలవాటు. దుమ్ములో ఉన్న నా మీద కూడా అరచేయి ఆనించింది.

చల్లగానే ఉన్నాను. ఆమె చేయి తీసేసరికి మాత్రం కాదు.