గుప్పెడు కాగితాల కింద

ఆర్విల్ టాకెట్ డాక్టరు అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకున్నాకే రోగి వీపు మీద చెయ్యి వేస్తాడు. ఆ ఉదయం మొక్కజొన్న రైతు ఒకాయన బోర్లా పడుకుని వానలు లేవని సణుగుతూంటే, డాక్టరు వేళ్లు వెన్నెముక పక్కగా మెల్లగా దిగి, పట్టేసిన చోట ఆగాయి. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో ఏళ్ల తరబడి ఆయన పని ఇదే. జ్వరమొస్తే మందు రాస్తాడు, నడుము పట్టేస్తే చేత్తో సరిచేస్తాడు. ఆయన చదివింది డి.ఓ. అదీ అక్కడి మామూలు ఎం.డి.లాగే పూర్తి డాక్టరు చదువు, చేతి వైద్యం అదనం. కానీ ఆయన కుర్రతనంలో డి.ఓ. అంటే పెద్దాసుపత్రుల వాళ్లు ముఖం చిట్లించేవారు. గుండె వైద్యం నేర్చుకోవాలని గంపెడాశతో వెళ్తే గుమ్మంలోంచే పంపేశారు. ఆ బాధ ఆయనకింకా పోలేదు.

ఆయన చెల్లెలి మనవరాలు డెలాకు ఇప్పుడు రెండు చోట్లా సీటొచ్చింది. ఒకటి ఆయన చదివిన డి.ఓ. కాలేజీ, రెండోది పట్నంలో ఎం.డి. కాలేజీ. పసిపిల్లల గుండె వైద్యం చెయ్యాలని ఆ పిల్ల పట్టుదల. సాయంత్రంలోగా ఒక సీటు వదులుకోవాలి. తన కాలేజీలో తన ఇంటిపిల్ల చదవాలని ముసలాయనకు ఎంత ఆశో ఊరంతటికీ తెలుసు.

రైతు వెళ్లాక డెలా వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నువ్వే చెప్పు తాతయ్యా. నువ్వేదంటే అదే."

ఆయన లేచి బీరువాలోంచి పాత టెలిఫోన్ డైరెక్టరీ తీశాడు. డి.ఓ. విద్యార్థులు వేళ్లకు పదును పెట్టుకునేది దాంతోనే. కాగితం కింద వెంట్రుక పెట్టి పైనుంచి తడిమి కనిపెట్టాలి, దొరికిన కొద్దీ కాగితాలు పెంచుకుంటూ పోవాలి. చిన్నప్పుడు డెలాకు ఇదే ఆట. ఆయన తన నెరిసిన తలలోంచి ఒక వెంట్రుక పీకి, ఆమె చూడకుండా పెట్టి, పైన గుప్పెడు కాగితాలు కప్పాడు. డెలా కళ్లు మూసుకుని తడిమింది. వేలు సరిగ్గా దాని మీదే ఆగింది.

ఆయనకు సంతోషం, దిగులు ఒకేసారి వచ్చాయి. మా కాలేజీకే రా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"రోజులు మారాయిలే. ఇప్పుడు డి.ఓ.లూ గుండె డాక్టర్లవుతున్నారు. కానీ నువ్వెళ్లాలనుకునే చోట్ల కొందరింకా పేరు పక్కన అక్షరాలే చూస్తారు. కొండెక్కేదానివి, మెట్లున్న వైపు నుంచే ఎక్కు. పట్నానికే పో."

"నీకు బాధగా లేదూ?"

"ఎందుకుండదే? ఉంది. అయినా నీ వేళ్లు నీతోనే వస్తాయిగా. అక్కడివాళ్లేం వాటిని కోసి తీసుకోరు."

డెలా నవ్వి, కళ్లు తుడుచుకుని, తినడానికేమన్నా తెస్తానని బయటికి వెళ్లింది. రోజూ మధ్యాహ్నం రోగుల బల్ల మీదే ఓ కునుకు తీయడం ఆయనకు అలవాటు. ఆ రోజూ బూట్లు విప్పి పడుకున్నాడు.

ఆమె తిరిగొచ్చి భుజం తట్టింది. మెడ పక్కన వేళ్లు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికింది. ఆయన నేర్పిన వేళ్లకు ఏమీ దొరకలేదు.

సాయంత్రం ఆయన్ని తీసుకెళ్లిపోయాక, ఆయన చెప్పినట్టే, డి.ఓ. సీటు వదులుకుంది. క్లినిక్ తలుపు మూస్తూ ఒకసారి లోపలికి చూసింది. డైరెక్టరీ బల్ల పక్కనే ఉంది, కాగితాల కింద ఆ తెల్లవెంట్రుకతో.