టోపీ లేని నిచ్చెన

మా సుప్రమోంతె కొండల్లో పొట్టేలు తుమ్మితే కింద ఊళ్లో చర్చి గంట మోగుతుందంటే నమ్మనివాళ్లున్నారు. వాళ్ల ఖర్మ. ఇది మాత్రం నమ్మండి, ఇందులో నా గొప్పేమీ లేదు.

మా చెల్లెలి కూతురు గోనారియా అడవి గొర్రెల్ని ఫొటో తీస్తానని కెమెరా మెడకేసుకుని వచ్చింది. అవి తిరిగే గట్టెక్కాలంటే బండ చీలికలో ఆనించిన దుంగల నిచ్చెన ఒక్కటే దారి. ఎక్కేవాడు అట్టడుగు దుంగకు టోపీ తగిలించాలి. టోపీ లేదంటే పైన ఎవరూ లేరని లెక్క. పొద్దువాలే వేళ అటుగా పోయే కాపరి, గొర్రెల దొంగలు ఎక్కకుండా మధ్య దుంగ లాగి పక్కన పడేస్తాడు. నా ఎర్రటోపీ తగిలించి నేను ముందు ఎక్కాను.

గట్టు మీద మనిషి పక్కకు తిరిగే చోటైనా లేదు. ఎదురుగా మెలి తిరిగిన కొమ్ముల పొట్టేలు, దాని వెనక నాలుగు గొర్రెలు. అమ్మాయి ఊపిరి బిగబట్టి ఫొటోలు తీస్తోంది. అంతలో కింద దుంగ ఈడ్చిన చప్పుడు.

"ఒరే ప్రెదూ!"

గాలి నా కేకను లోయలోకి ఎత్తుకుపోయింది. కాపరి ప్రెదు అప్పుడే మలుపు తిరిగాడు.

"టోపీ కనపళ్లేదా గుడ్డి వెధవకి?"

గోనారియా ముఖం సున్నంలా పాలిపోయింది. "ఎర్రగా ఊగితే గొర్రెలు బెదురుతాయని నేనే తీసి జేబులో పెట్టుకున్నా మావయ్యా."

తిట్టే తీరిక లేదు. నా కేకకు బెదిరిన పొట్టేలు తల దించింది. దాని వెనక దారి లేదు. మా వెనక నిచ్చెన లేదు.

"గోడకతుక్కుని బోర్లా పడుకో. మన మీంచి దూకిపోతుంది. మా నాన్న చెప్పేవాడు."

"నిజంగా చెప్పాడా, ఇదీ నీ కోతేనా?"

"కోతలు కోసే మొహమా ఇది? పడుకోవే!"

గిట్టల చప్పుడు రాతిలోంచి నా పళ్లలోకి దిగింది. పేరు తెలిసిన పునీతులందర్నీ పిలిచాను, తెలియనివాళ్లనూ పిలిచాను. ఒక గిట్ట నా చెవిని గీరుకుంటూ పోయింది. గులకరాళ్లు లోయలోకి జారాయి. అవి అడుక్కి తాకిన చప్పుడు ఎంతకీ రాలేదు. వెనక అమ్మాయి ఉందో లేదో చూడటానికి తల తిప్పే ధైర్యం లేకపోయింది.

"మావయ్యా," అని సన్నగా వినిపించాకే ఊపిరి తీసుకున్నాను.

గొర్రెలు చీలికలోంచి దూకి ప్రెదు ముందు నుంచే పరిగెత్తాయట. పైన మనిషి ఉంటే తప్ప అవి అలా దిగవని వాడికి తెలుసు. వెనక్కొచ్చాడు.

"పైన ఎవడ్రా? టోపీ ఎక్కడ తగలేశావు?"

దుంగ పెట్టాడు, దిగాం. గోనారియా జేబులోంచి టోపీ తీసి అడుగు దుంగకు తగిలించింది.

"పైన ఇంకెవరూ లేరుగా పిల్లా," అన్నాడు ప్రెదు.

"ఉండనీ బాబాయ్. నాకింకా దిగినట్టు లేదు."