అత్త నింపిన డబ్బీ

"ఇది ఎంగిలి పాపా, గళ్ల కాదు. లోపల్నుంచి కఫం దగ్గి తీయల్ల," అంటూ ల్యాబులో పనిచేసే పౌలు రెండోసారీ డబ్బీ తిరిగిచ్చేశాడు.

నెలనుంచి దగ్గీ దగ్గీ వెన్నెల పుల్లలా అయిపోయింది. ఆ దగ్గులో మాత్రం ఏమీ పడదు. ధర్మవరంలో చూపిస్తే మగ్గాల వీధంతా గుప్పుమంటుందని అత్త ఈరక్క ఆమెను పెనుకొండ ఆసుపత్రికి తీసుకొచ్చింది. పరువంటే అంత పాకులాట ఈరక్కకు. తీరా వస్తే పిల్ల దగ్గలేక గోడకు ఆనుకొని కూలబడింది. ఈరక్క చూడలేకపోయింది. వెన్నెల వట్టి కోడలా? సొంత తమ్ముడి కూతురు, చిన్నప్పుడు తను ఎత్తుకొని తిప్పిన పిల్ల.

"ఇట్లియ్యి, నేను చూస్తా," అని డబ్బీ లాక్కొని గోడ వెనక్కి పోయింది. ఆమెకు గళ్లకేం కరువు? ఆమెకూ దగ్గుంది, ఆకూవక్క దగ్గని అందరికీ చెబుతుంది. ఒకే ఇల్లు, ఒకే కూడు, ఎవరి గళ్లయితేనేం అనుకుంది. ఒక్క దగ్గుకే డబ్బీలో కావలసినంత పడింది.

పౌలు దాన్ని మిషన్లో పెట్టాడు. "రెండు గంటల్లో తెలుస్తాది. జబ్బుండాదా లేదా అనే కాదు, మందుకు లొంగుతాదా లేదా అని గూడా చెప్తాది."

మధ్యాహ్నం అతను బయటికొచ్చి వెన్నెల ముందు కూర్చున్నాడు. "టీబీ ఉండాది పాపా. మామూలు మాత్రలకు లొంగనిది. ముందెప్పుడన్నా మాత్రలు వాడి, నడుమ నిలిపేసినావా?"

"లేదన్నా. నేనెప్పుడూ మింగలేదు."

మింగింది ఈరక్క. రెండేళ్ల కిందట, తెలిసినవాళ్లెవరూ లేని హిందూపురంలో చూపించుకొని మాత్రలు తెచ్చుకుంది. కొన్నాళ్లకే ఆకలి పుట్టింది, ఒళ్లు తేరుకుంది. కొడుకు శివశంకర్‌కు వెన్నెలను అడుగుతున్న రోజులవి. మాత్రలు తమ్ముడి కంట్లో పడితే పిల్లనిస్తాడా? మిగిలినవన్నీ పెరట్లో పూడ్చేసి, లగ్నం పెట్టించింది.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ పిల్లది ఏ జబ్బో తేలకుండానే ఎవరి మందో గొంతులో పోస్తారు.

"నాయనా పౌలూ, అది నా గళ్ల," అంది ఈరక్క. దాచినదంతా చెప్పేసింది.

"ఎంత పని చేసినావవ్వా!" అని అరిచాడు పౌలు. వెన్నెల మొహం కొంగులో దాచుకొని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపులోంచి దగ్గు తన్నుకొచ్చింది. పొద్దుటినుంచి రాని గళ్ల అప్పుడొచ్చింది. పౌలు కొత్త డబ్బీ పట్టాడు.

పొద్దువాలే వేళకు మిషన్ వెన్నెల సంగతీ చెప్పింది. అదే జబ్బు, అత్త దగ్గులోంచి అంటినదే. మామూలు మాత్రలకు లొంగనిదే.

వేరే మందులు ఉన్నాయనీ, ఈసారి ఇద్దరూ ఒక్కరోజు కూడా మానకూడదనీ పౌలు చెబుతూనే ఉన్నాడు. ఈరక్క చెవికెక్కలేదు. కోడలి కాళ్లమీద పడబోయింది. వెన్నెల పట్టుకొని ఆపింది.

"జబ్బుండాదని ఒక్క మాట చెప్పింటే నేను కోడలిగా రాకుండా ఉండేదాన్నా అత్తా?" అంది. "వచ్చి, దినామూ నేనే మింగించేదాన్ని గదా."