పేరు మారని కారు

ఇరవై రెండు ట్రాలీలను ఒకదానిలో ఒకటి దూర్చి, వెనక నుంచి భుజం ఆనించి, మలాకి రెండో ద్వారం వైపు తోసుకొస్తున్నాడు. రూలు ప్రకారం పదిహేనే తోయాలి. ఆ రూలు రాసినవాడు జన్మలో ఒక్క ట్రాలీ కూడా తోసి ఉండడని మలాకి నమ్మకం. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. మెడ పొట్టి, భుజాలు వెడల్పు. చలికాలం వస్తే ఎడమ మోకాలు మొరాయిస్తుంది. దాని బరువు కూడా కుడికాలి మీదే వేసి, కొంచెం పక్కకి ఒరిగి నడుస్తాడు. అరచేతులు కాయలు కాసి, పట్టుకున్న కడ్డీ చల్లగా ఉందో వేడిగా ఉందో కూడా తెలియని స్థితికి వచ్చాయి.

ఆక్లండ్ విమానాశ్రయంలో పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. వెళ్ళేవాళ్ళు వదిలేసిన ట్రాలీలను ఏరుకొచ్చి, వచ్చేవాళ్ళకు అందించడం. ఇంత లోకాన్ని సాగనంపినవాడు తాను విమానం ఎక్కింది రెండేసార్లు. ఇవాళ మూడోసారి. పన్నెండున్నరకు విమానం. అయినా తెల్లవారుజామున నాలుగింటికే పనిలోకి వచ్చేశాడు. సగం రోజు సెలవు పెట్టడం ఎందుకు దండగ అనుకునే రకం.

"ఏమన్నా, టికెట్టు కొనుక్కుని కూడా ట్రాలీలు తోస్తున్నావా? మీ సమోవా వాళ్ళకి పనంటే మరీ ఇంత మోజా?" అన్నాడు విలియామి. అతనిది టోంగా. ఇద్దరూ కలిసి పనిచేసేది ఎనిమిదేళ్ళుగా, ఒకరినొకరు దెప్పుకునేది కూడా ఎనిమిదేళ్ళుగానే.

"మీ టోంగా వాళ్ళ వాటా కూడా మేమే తోయాలి కదరా. తప్పుతుందా?"

విలియామి నవ్వి, వెంటనే నవ్వు తగ్గించుకున్నాడు. "అక్క ఎలా ఉంది?"

"చూస్తోందట. ఎవరొచ్చినా తలుపు వైపే చూస్తోందట."

అక్క ఇలిసా సమోవాలో, ఆపియా ఆసుపత్రిలో ఉంది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు. ఆమె మాత్రం ఒకటే మాట పట్టుకుంది, మలాకి రావాలని. మన సమోవావాళ్ళలో అక్కాతమ్ముళ్ళ మధ్య ఉన్నది ఒట్టి చుట్టరికం కాదు, ఒడంబడిక. తమ్ముడు బతికినంతకాలం అక్క మాట జవదాటకూడదు. అక్క పోయేముందు తమ్ముడి తల మీద చెయ్యి వేసి దీవించాలి. ఆ చెయ్యి పడకపోతే, ఇంక ఎవరు ఎన్ని దీవెనలు ఇచ్చినా అవి పై పూతలే. ఈ సంగతి మలాకికి ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు రాత్రుల నుంచి అతనికి నిద్ర లేదు.

ఎనిమిదిన్నరకు పని ముగించి, సిబ్బంది స్నానాలగదిలో వేన్నీళ్ళు పోసుకున్నాడు. నల్లటి లావాలావా నడుముకు చుట్టి, తెల్ల చొక్కా తొడుక్కుని, జుట్టుకు కొబ్బరినూనె రాసుకుని బయటికొచ్చాడు. బయట చర్చివాళ్ళు పదిహేనుమంది ఎదురుచూస్తున్నారు. మనవాడు ఒక్కడు ఊరికి వెళ్తుంటే పదిహేనుమంది రాకపోతే ఎలా? రెండు అట్టపెట్టెల నిండా డబ్బా మాంసం, ఒక సంచిలో మందులు, ఎవరెవరి చుట్టాలకో ఎవరెవరో ఇచ్చిన పొట్లాలు. వాళ్ళందరి ముందు, చేతులు కట్టుకుని, ఎనెలే నిలబడి ఉన్నాడు.

ఎనెలే చర్చిలో డీకను, ఆదివారం కానుకల పళ్ళెం పట్టేది అతనే. సన్నటి మనిషి, గొంతు మాత్రం గంట మోగినట్టుంటుంది. ముప్పై రెండేళ్ళ కిందట మలాకీ అతనూ ఒకే విమానంలో, ఒకే దుప్పటి ఇద్దరూ కప్పుకుని ఈ దేశం వచ్చారు. మలాకి భార్య పోయినప్పుడు శవపేటికకు ముందువైపు భుజం పట్టింది ఎనెలేనే. ఆ తర్వాత మలాకి కూతురి దగ్గరికి చేరిపోతూ, తానున్న అద్దె ఇల్లు ఎనెలేకే ఇప్పించాడు. అప్పుడే తన నీలం కారు కూడా అతనికే అమ్మాడు.

అమ్మింది ఎలా? ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి హాల్లో, అందరూ కోకో తాగుతుండగా తాళంచెవి చేతిలో పెట్టి అమ్మాడు. ఆ రోజు మలాకి చొక్కా జేబులో ఒక కాగితం ఉంది. కారు ఫలానావారికి అమ్మేశానని ప్రభుత్వానికి తెలియజేసే కాగితం. "నాన్నా, సంతకం పెట్టించుకోకుండా తాళం ఇవ్వకు" అని కూతురు వాయోలా మరీమరీ చెప్పి పంపింది. మలాకి చెయ్యి జేబు దాకా వెళ్ళింది. ఎదురుగా పాస్టరుగారు, ఆయన భార్య, పాటలబృందం. కానుకల పళ్ళెం పట్టే మనిషిని పట్టుకుని అంతమంది ఎదుట సంతకం పెట్టమనడమంటే, నువ్వంటే నాకు నమ్మకం లేదని అతని ముఖాన కొట్టి చెప్పడమే. చెయ్యి జేబులోంచి రుమాలు తీసుకుని బయటికొచ్చింది. మలాకి చెమట తుడుచుకున్నాడు.

"పేరు నేను మార్పించేస్తాలేరా" అన్నాడు ఎనెలే ఆరోజు.

"నువ్వు మార్పిస్తావని నాకు తెలీదా" అన్నాడు మలాకి.

ఈ దేశంలో కారు తాళంచెవితో చేతులు మారదు, కాగితంతో మారుతుంది. మలాకికి తెలియక కాదు. తెలిసీ ఊరుకున్నాడు. మనవాళ్ళలో దాన్ని మర్యాద అంటారు.

ఇప్పుడు ఎనెలే ముందుకొచ్చి మలాకి చెయ్యి పట్టుకున్నాడు. అతని అరచెయ్యి తడిగా ఉంది.

"ఒరే, ఓ వారం ఆగి వెళ్ళకూడదూ?"

"ఏమంటున్నావురా? వారం దాకా అక్క ఉంటుందా?"

"అదీ నిజమే" అని ఎనెలే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రయాణం సుఖంగా సాగాలని, దారిలో ఏ ఆటంకమూ రాకూడదని, అక్క చెయ్యి తమ్ముడి తల మీద పడాలని వేడుకున్నాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదారు. ఎన్నో ప్రార్థనలు విన్న విలియామి కూడా దూరంగా టోపీ తీసి నిలబడ్డాడు. ఎనెలే అంత బాగా ప్రార్థన చెయ్యడం ఎన్నడూ వినలేదని మలాకి అనుకున్నాడు.

పాస్‌పోర్టు చూసే చోట గాజుగదిలోని కుర్రవాడు తెర వైపు చూశాడు, మలాకి వైపు చూశాడు, మళ్ళీ తెర చూసి ఎవరికో ఫోన్ చేశాడు. ఇద్దరు పోలీసులు వచ్చారు. కిటికీలు లేని గదిలో కూర్చోబెట్టారు. వాళ్ళలో మావోరీ అమ్మాయి ఒకతె, గడ్డం మీద పచ్చబొట్టుతో, కాగితాలు తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్, మీ పేరు మీద పద్నాలుగు జరిమానాలున్నాయి. ఒక్కటీ కట్టలేదు. కోర్టుదాకా వెళ్ళాయి. అవి తేలేదాకా మిమ్మల్ని దేశం దాటనివ్వడానికి లేదు."

"నా పేరు మీదా? నేను బస్సులో తిరిగేవాణ్ణమ్మా."

ఆమె కారు నంబరు చదివింది. మితిమీరిన వేగం, ఎర్రదీపం దాటడం, మళ్ళీ వేగం. ఎక్కువభాగం తెల్లవారుజామున. ఎనెలే రాత్రి బేకరీలో పనిచేసి, తెల్లారేసరికి పాఠశాలలు ఊడ్చే పనికి పరుగెడతాడు. రెండింటికీ మధ్య ఇరవై నిమిషాలే వ్యవధి. మలాకికి అది తెలుసు.

"ఆ కారు నాది కాదమ్మా. ఏడాది కిందటే అమ్మేశాను."

"అమ్మినట్టు మాకు తెలియజేయలేదు బాబాయ్. రికార్డులో ఇప్పటికీ మీదే. నేను నడపలేదని రాసి పంపడానికి ప్రతిసారీ గడువిచ్చి ఉత్తరం పంపారు. తర్వాత హెచ్చరికలు కూడా వచ్చాయి."

"నాకు ఒక్కటీ రాలేదు."

"ఈ చిరునామాకే పంపారు" అని ఆమె చదివింది.

మలాకి బల్ల అంచు పట్టుకున్నాడు. అది అతని పాత ఇల్లు. ఎనెలే ఉండే ఇల్లు. ముప్పైకి పైగా ఉత్తరాలు, పైన మలాకి అని అచ్చయి ఉన్నవి, ఒకదాని తర్వాత ఒకటి ఆ ఇంటి డబ్బాలో పడ్డాయి. ఒకరు తీసుకున్నారు. లోపలికి పట్టుకెళ్ళారు. ఆ ఒకరే ఇందాక దారిలో ఏ ఆటంకమూ రాకూడదని కళ్ళు మూసుకుని వేడుకున్నారు.

మొత్తం కట్టేస్తే ఇప్పుడే వదిలేస్తామంది ఆ అమ్మాయి. అది మలాకి రెండున్నర నెలల జీతం. అక్క మందులకూ టికెట్టుకూ ఉన్నదంతా ఊడ్చి పెట్టాడు. వాయోలాకి ఫోన్ చేశాడు, ఆమె దగ్గర మూడోవంతు కూడా లేదు. ఎనెలేకి చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఈసారి మోగనే లేదు.

పన్నెండున్నర దాటింది. గోడ అవతల విమానం లేచిన చప్పుడుకి బల్ల మీది కప్పు సన్నగా వణికింది.

విమానం కడుపులోంచి తీసేసిన పెట్టెలు తిరిగి రావడానికీ, అభ్యంతరాల కాగితాలు నింపడానికీ మధ్యాహ్నమంతా పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆపియాకి ఫోన్ చెయ్యబోయి మానుకున్నాడు. రావడం లేదని చెప్పడానికి నోరు రాలేదు. అయిదుంపావుకి బయటికొచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది. సామాను దించుకునే వరసలో, నీలం కారు ఆగి ఉంది. లోపల ఎనెలే స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మలాకిని చూసి దిగాడు.

"నీకు తెలుసు" అన్నాడు మలాకి.

"తెలుసు."

"ఆపేస్తారని తెలుసు. తెలిసి ప్రార్థన చేశావు."

"వాళ్ళ కళ్ళు కప్పమని అడిగానురా దేవుణ్ణి. నిజంగా అడిగాను."

"ఉత్తరాలేవి?"

"బియ్యండబ్బా వెనకాల ఉన్నాయి. మొదటిది వచ్చినప్పుడు కట్టేద్దామనుకున్నాను. ఇంతలో రెండోది వచ్చింది. అయిదు దాటాక తెరవడం మానేశాను." ఎనెలే గొంతులో గంట లేదు. "ఆదివారం నువ్వు ముందు వరసలో కూర్చుంటావు. నేను పళ్ళెం పట్టుకుని నీ ముందుకే వస్తాను. నీకు ఎలా చెప్పనురా?"

"నోటితో చెప్పాలి. అంత పెద్ద నోరుంది కదా నీకు."

ఫోన్ మోగింది. అక్క కొడుకు తోమాసి.

"మామయ్యా, ఎక్కడున్నావు? విమానం వచ్చి గంటయింది. కారు పంపాం, నువ్వు కనబడలేదని డ్రైవరు తిరిగొచ్చేశాడు. విమానం దిగిందని అమ్మకి మేమే చెప్పాం. లేపి కూర్చోబెట్టమంది. జుట్టు దువ్వించుకుంది. తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఇప్పుడే, పది నిమిషాలైంది మామయ్యా."

మలాకి సరే అన్నాడు. ఎందుకు సరే అన్నాడో అతనికి తెలియదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఎనెలే అతని ముఖం చూసి గ్రహించాడు. తడి సిమెంటు మీద మోకాళ్ళ మీద కూలబడి తల వంచాడు. ఊళ్ళో అయితే తప్పు చేసినవాడు చాప కప్పుకుని, నష్టపోయినవాడి వాకిట్లో ఇలాగే కూర్చుంటాడు. క్షమించినవాడు వచ్చి చాప తీసేదాకా లేవడు. ఇక్కడ చాప లేదు, వాకిలి లేదు. జనం పెట్టెలు లాక్కుంటూ అతన్ని తప్పించుకుని పోతున్నారు.

మలాకి కిందికి చూశాడు. ముప్పై రెండేళ్ళుగా ఎరిగిన నడినెత్తి అది. వంగి ఆ భుజం తాకితే చాలు. చెయ్యి లేవలేదు. అతని గుండెలో ఆ క్షణాన కోపం కూడా లేదు, మోసపోయానన్న ఒక్క మాటే ఉంది, అదే మళ్ళీ మళ్ళీ.

"లే" అన్నాడు చివరికి. "నా అక్క ఎంతసేపు ఎదురుచూసిందో నువ్వూ అంతసేపు కూర్చోగలవా? కూర్చోలేవు. లేచి వెళ్ళు."

ఎనెలే లేచాడు. కారు తాళంచెవి బానెట్ మీద పెట్టి, చొక్కా మెడ పైకి లాక్కుని, బస్సులు ఆగే వైపు వానలో నడిచి వెళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఆ తర్వాతి ఆదివారం నుంచి చర్చిలో పళ్ళెం ఇంకెవరో పట్టారు.

మలాకి అట్టపెట్టెల పక్కన నిలబడి వాయోలా కోసం చూస్తున్నాడు. పార్కింగు మనిషి చేతిలో యంత్రంతో కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. రోజూ పలకరించే మనిషే.

"ఇంకా ఎగరలేదా పెద్దాయనా? ఈ కారు ఎవరిది, పది నిమిషాలకి మించి ఇక్కడ ఉంచకూడదు కదా?"

"నాదేనట" అన్నాడు మలాకి.

వాయోలా వచ్చి పెట్టెలు ఎక్కించి, తండ్రిని చెయ్యి పట్టి తీసుకుపోయింది. తడిసిన నీలం బానెట్ మీద తాళంచెవి అక్కడే ఉండిపోయింది.