మీరే చూడండి సార్

"స్టేబుల్ సార్," అన్నాడు తాతయ్య.

"గుడ్," అన్నాడు పెద్ద సారు. పక్క చాప దగ్గరికి నడిచాడు.

ఆయన దాటిపోయిన చాప మీద ఉన్నామె అప్పటికే చనిపోయి ఉంది.

తాతయ్య అంటే ముసలాయన కాదు. బడిలో ఉండగానే జుట్టు నెరిసిన మా బ్యాచ్ కుర్రాడు. చదువైపోయి హౌస్ సర్జన్లుగా వార్డుల్లో పడి పనిచేసే ఏడాది మాది. పెద్ద సారంటే కాన్పుల వార్డుకి అధిపతి, ఆస్పత్రి మొత్తానికి సూపరింటెండెంటు. పొద్దున రౌండ్స్‌లో ఆయన ముందు నడుస్తాడు. వెనక అసిస్టెంట్లు, వాళ్ళ వెనక మేము, మా వెనక చిన్న తరగతుల వాళ్ళు. నేనెప్పుడూ వాళ్ళకీ వెనక, తోక చివర ఉంటాను. ముందున్నవాళ్ళు చూడకుండా దాటేసినవన్నీ అక్కణ్ణుంచి కనిపిస్తాయి.

చాప పక్కన చనిపోయినామె అక్క కూర్చుని ఉంది. ఒళ్ళో పసిబిడ్డ.

"ఏమయ్యా," అంది. గొంతు పెంచలేదు. "ఎవరు స్టేబులు? మా చెల్లి ఎప్పుడో పోయింది. కళ్ళు నేనే మూశాను. ఎవరైనా వస్తారు కదా, చెబుదామని కూర్చున్నాను."

ఊరేగింపు ఆగింది. పెద్ద సారు వెనక్కి తిరిగాడు. ఆ అక్కని చూడలేదు, చనిపోయినామెనీ చూడలేదు. తాతయ్యని చూశాడు.

"ఇడియట్," అన్నాడు. వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఆ పొద్దున ఆయన దేన్నీ ముట్టుకోలేదు. అయినా కడుక్కున్నాడు.

ఆ మాట సంగతి చెప్పాలి. బయట స్టేబుల్ అంటే రోగి నిలకడగా ఉన్నట్టు. మా దగ్గర, మంచం ఖాళీ చేయించొచ్చని. స్టేబుల్ అంటే చాప, స్టేబుల్ అంటే వరండా. మంచాలు తక్కువ, కాన్పులు ఎక్కువ. కొత్త మనిషి రాగానే పాత మనిషి స్టేబుల్ అయిపోవాలి. ఆ మాట వినపడితే పెద్ద సారు అడుగు ఆగదు. వినపడకపోతే ఆగాలి, వంగాలి, చెయ్యి వెయ్యాలి. రోడ్డుకి అవతల ఆయన సొంత నర్సింగ్ హోం ఉంది. అక్కడ వంగడానికి ఆయన నడుముకి ఏ నొప్పీ లేదు.

మా ఊరి బడికి తనిఖీకి ఎవరొచ్చినా మాస్టారు "అర్థమైందా?" అనేవాడు. "అర్థమైంది సార్!" అని పైకప్పు లేచిపోయేలా అరిచేవాళ్ళం. ఆ అరుపుకి నోరుంటే చాలు, తలతో పని లేదు. ఇంత పెద్ద కాలేజీకి వచ్చి, ర్యాంకులు మోసుకొచ్చిన ఇంతమంది మధ్య, మళ్ళీ అదే అరుపు విన్నాను. బడిలో అయితే దానివల్ల ఎవరూ చావలేదు.

ఆమె పోయిన రాత్రి వార్డుకీ వరండాకీ కలిపి తాతయ్య ఒక్కడే. చెల్లికి రక్తం ఆగట్లేదని అక్క వచ్చి పిలిచింది. అప్పటికే కాన్పు బల్ల మీద ఒకామె, బిడ్డ అడ్డం తిరిగి, చావుబతుకుల్లో ఉంది. పై డాక్టరుకి కబురు పెట్టాడు. పై డాక్టరు అంటే ఆ రోజు పెద్ద సారే. ఆయన రోడ్డుకి అవతల ఉన్నాడు. రాలేదు. బల్ల మీదామెని బతికించి తాతయ్య బయటికొచ్చేసరికి తెల్లారింది, రౌండ్స్ మొదలైంది. చాప దగ్గర సారు "ఇక్కడ?" అన్నాడు. అలవాటైన నోరు దాని పని అది చేసింది.

అప్పటికి నేను విద్యార్థి సంఘం ప్రెసిడెంటుని. నన్ను ఎన్నుకున్నది నా నోరు చూసి, అది తెరుచుకోదని. రెండు ముఠాలు కుర్చీ కోసం కొట్టుకుని అలిసిపోయాక, "ఆ పల్లెటూరి పిల్లని కూర్చోబెట్టండి. నోట్లో నాలుక లేదు, ఎవరికీ అడ్డం రాదు," అన్నాడు పాత ప్రెసిడెంటు. అతన్ని మేం మైకు అంటాం. చేతికి దొరికితే వదలడు. అతని ఏడాదిలో సంఘం చేసిన ఘనకార్యాలు టీషర్టులు, వార్షికోత్సవానికి పాటలవాళ్ళు, పెద్ద సారు పుట్టినరోజుకి కేకు. ఇంకోటి కూడా ఉంది. ఆయాలు జీతాల కోసం సమ్మె చేస్తే, మావాళ్ళు చీపుర్లు పట్టుకుని వార్డులు ఊడ్చి సమ్మె విరగ్గొట్టారు. దానికి సమాజసేవ అని పేరు పెట్టారు. చీపుర్లతో ఫోటోలు దిగారు.

పెద్ద సారు నన్ను గదికి పిలిపించాడు.

"రా అమ్మడూ, కూర్చో. ఎంత బాధాకరం! మీవాడి నిర్లక్ష్యం. సస్పెండ్ చేశాను. విచారణలో మీ సంఘం కూడా ఆ మాటే అంటే, వ్యవహారం సాఫీగా పోతుంది. హాస్టల్‌కి జిమ్ అడిగారుగా? చేయిద్దాం."

నేను ఆయన చేతులు చూస్తున్నాను. శుభ్రమైన చేతులు.

"మంచి పిల్లవి," అన్నాడు. మాట్లాడనివాళ్ళందరూ ఒప్పుకున్నట్టే అనుకుని ఇంతవరకు నెట్టుకొచ్చిన మనిషి.

సాయంత్రం మెస్ హాల్లో అందర్నీ పిలిచాను. మైకు ముందే బల్లెక్కాడు.

"ఫ్రెండ్స్! ఆవేశపడొద్దు. ఒక్కడి కోసం ఇంతమంది భవిష్యత్తు పణం పెడతామా? సార్‌తో గొడవ పెట్టుకుంటే పరీక్షల్లో ఏమవుతుందో తెలుసుగా!"

"దిగరా బాబూ, బల్ల విరుగుద్ది," అన్నారెవరో.

"రేపు రోగుల చుట్టాలొచ్చి మనల్ని కొడితే? ముందు సెక్యూరిటీ గార్డుల్ని అడుగుదాం," అంది ఒక పెద్ద డాక్టరు గారి కూతురు.

"గార్డులొచ్చి రక్తం ఆపుతారా?"

తాతయ్య లేచాడు.

"నా తప్పు లేదనను. చూడకుండా అన్నాను. కానీ ఆ మాట నేను పుట్టించలేదు. మీలో ప్రతిసారీ చూసి అన్నవాడు ఎవడైనా ఉంటే చెయ్యెత్తండి. వాడి కాళ్ళకి దణ్ణం పెట్టి ఊరెళ్ళిపోతా."

ఒక్క చెయ్యి లేవలేదు. కాబోయే డాక్టర్లంతా నేల చూపులు చూశారు.

అప్పుడే గుమ్మంలో ఆ అక్క కనిపించింది. బిడ్డని భుజాన వేసుకుని ఉంది. బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టే మనిషి.

"ఈ అబ్బాయిని తీసేస్తున్నామని మీ పెద్దాయన కబురు పెట్టాడు. నాకు న్యాయం జరిగిపోయిందంట," అంది. "మా ఫ్యాక్టరీలోనూ ఇంతే. కుట్టు చెడితే కుట్టినదాన్ని గెంటేస్తారు. మిషను బాగుచెయ్యరు. మర్నాడు ఇంకోదాన్ని తెచ్చి అదే మిషను ముందు కూర్చోబెడతారు."

"నీకేం కావాలక్కా?" అన్నాను. ఆ సభలో నేనన్న మొదటి మాట అది.

"పిలిస్తే రాలేదు, వచ్చాక చూడలేదు. ఆ సంగతి ఆయన నలుగురిలో ఒప్పుకోవాలి. ఇది పెద్దదై మా అమ్మ ఎలా పోయిందని అడుగుద్ది. ఈ అబ్బాయి పేరు చెప్పి పెంచమంటారా?"

వెనక బెంచీ మీంచి మొదటి ఏడాది పిల్ల ఒకతె భయపడుతూ లేచి నా వైపు చూసింది. "అక్కా, అసలు స్టేబుల్ అనడమే మానేస్తే?"

నవ్వులు.

"మరి ఎలా ఉందని సారు అడిగితే ఏమంటావే, బుజ్జీ?"

"మీరే చూడండి సార్ అంటాను."

ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు సగంలో తెగిపోయింది. నేను నవ్వలేదు. ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమన్నాను. మైకు తప్ప దాదాపు హాలంతా ఎత్తింది. అతనూ చివరికి సగం ఎత్తాడు, తల గోక్కుంటున్నట్టు.

మర్నాడు ఆయాల గదికి వెళ్ళాం. వాళ్ళ సంఘం పెద్ద టీ గ్లాసు దించకుండానే మమ్మల్ని చూసింది.

"ఓహో, డాక్టరమ్మలు! దారి తప్పారా? చీపుర్లు ఆ మూలనున్నాయి. ఫోటోలు దిగుతారా?"

"పెద్దమ్మా, అది తప్పే. ఇక మేం స్టేబుల్ అనం, మీరూ మాతో నిలబడాలి," అన్నాను.

"మూలలు కూడా ఊడవలేదు మీవాళ్ళు. మేమొచ్చి ఊడ్చుకున్నాం. ఇవాళ మీకు కాలింది కాబట్టి మేం గుర్తొచ్చాం. రేపు మీరూ పెద్ద సార్లవుతారు, రోడ్డుకి అవతల బోర్డు కడతారు."

"ఈ తల చూసి కూడా రేపటి గురించి మాట్లాడతావేంటి పెద్దమ్మా," అన్నాడు తాతయ్య నెత్తి చూపిస్తూ.

గదంతా పకపకా నవ్వింది. ఆమె నవ్వలేదు గానీ గ్లాసు దించింది.

"చనిపోయిన పిల్లని మంచం మీంచి దించి చాప మీద వేసిన చేతులు ఇవే. నువ్వు స్టేబుల్ అంటే ఇవి లేచాయి. మీ నోరు మీరు కట్టండి, మా చేతులు మేం కడతాం. కానీ మధ్యలో జారుకున్నారో, ఆ చీపుర్లు ఊడవడానికే పనికొస్తాయనుకోకండి."

ఆ తర్వాతి రౌండ్స్.

"ఎలా ఉంది?"

"మీరే చూడండి సార్."

పెద్ద సారు సరిగా వినలేదనుకున్నాడు. పక్క మంచానికి వెళ్ళాడు. "ఇక్కడ?"

"మీరే చూడండి సార్."

అసిస్టెంట్ల వైపు చూశాడు. వాళ్ళకి చెప్పుల మీద ఒక్కసారిగా ఆసక్తి పుట్టింది. ఆయన వంగాడు. మెడలో స్టెతస్కోపు లేదు, అడిగి తీసుకున్నాడు. పెట్టగానే "చల్లగా ఉందయ్యా," అంది మంచం మీదామె. వార్డంతా ముసిముసిగా నవ్వింది. వరండాలో ఆడవాళ్ళు చాపల మీద లేచి కూర్చున్నారు. "మమ్మల్ని కూడా! ఇటు కూడా చూడండి సార్!" చేతిలో టీ చల్లారేలోపు ముగిసే రౌండ్స్ మధ్యాహ్నం దాకా సాగింది. రోడ్డు అవతలి నుంచి ఫోను మోగుతూనే ఉంది, ఆయన జేబు వణుకుతూనే ఉంది.

వరండా చివర ఒకామె కడుపు ఆయన చేతికి తేడాగా తగిలింది. ముఖం మారింది. లోపల రక్తం. క్షణాల్లో బల్ల మీదికి చేర్పించాడు, తనే కోశాడు, కుట్టాడు. ఆమె బతికింది. చూశారా, ఆయనకి పని రాక కాదు. బ్రహ్మాండంగా వచ్చు. అందుకే నాకంత అసహ్యం.

ఆ మాట మిగతా వార్డులకి పాకింది. ఎముకల వార్డు, పిల్లల వార్డు, ఎక్కడ విన్నా మీరే చూడండి సార్. ఆయాలు ఒక్క మనిషిని కూడా మంచం దించలేదు. పరీక్షల్లో చూసుకుంటామని బెదిరించారు. అమ్మానాన్నల్ని పిలిపించారు. మీ అమ్మాయి చెడిపోయిందని మా నాన్నతో చెప్పారు. నాన్న బయటికొచ్చి, "ఇంట్లో నీ మాట వినాలని చెవికోసుకునేవాళ్ళం కదే. ఇక్కడ ఇంత మాట్లాడుతున్నావా?" అని మురిసిపోయాడు.

ఇలా నా ఏడాది గడిచింది. ఏం సాధించిందని మైకు ఇప్పుడు అందర్నీ అడుగుతున్నాడట. నిజమే, ఒక్క టీషర్టు కూడా వేయించలేదు.

వార్షికోత్సవం రోజున, దిగిపోయే ప్రెసిడెంటు వేదికెక్కి పెద్ద సారుకి కృతజ్ఞతలు చెప్పాలి. ఆనవాయితీ. ఆ ఏడు మంత్రి కూడా వస్తున్నాడు. ముందురోజు పెద్ద సారు మళ్ళీ పిలిచాడు.

"అమ్మడూ, నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపో. చావు సంగతి ఎత్తకు. మీవాడి సస్పెన్షన్ ఎత్తేస్తాను. ఆ సంగతి ఎత్తావో, వాడు ఈ జన్మలో డాక్టరు కాడు."

తాతయ్య బతుకు ఒక పక్క, ఆ బిడ్డకి చెప్పాల్సిన నిజం ఒక పక్క. ఆ తూకం నేను వెయ్యలేకపోయాను. వెళ్ళి అతనికే చెప్పాను. మెట్ల మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడు. వాళ్ళమ్మ పొలం పనులు చేసి చదివించిన కొడుకు.

"ఆయన్ని పొగుడు. హాయిగా డాక్టర్నవుతా," అన్నాడు. మళ్ళీ అతనే, "రేపు ఆ బిడ్డే జ్వరంతో నా దగ్గరికొస్తే ఏ ముఖంతో నాడి చూడను? చెప్పెయ్. నువ్వు చెప్పకపోతే నేనే వేదికెక్కుతా. నాకు మైకు ఇస్తే మన మైకు గాడికంటే ఎక్కువ వాగుతా, నీ ఇష్టం," అన్నాడు.

మర్నాడు హాలు నిండింది. ముందు వరసల్లో పెద్దవాళ్ళు, వెనక మేము, గోడల వెంబడి ఆయాలు, తలుపుల దగ్గర నడవగలిగిన రోగులు. మంత్రి కుర్చీలో సర్దుకుని, "ఆస్పత్రి ఎలా నడుస్తోంది?" అన్నాడు.

"అంతా స్టేబుల్ సార్," అన్నాడు పెద్ద సారు. అలవాటైన నోరు.

నన్ను పిలిచారు. కృతజ్ఞతలు మొదలుపెడతానని అందరూ చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకున్నారు.

"మంత్రిగారూ," అన్నాను. "స్టేబుల్ అన్న ఆ మాటే ఈయన చనిపోయిన మనిషి గురించి విని 'గుడ్' అన్నాడు. ఆమె బతికుండగా పిలిస్తే రాలేదు. ఆమె అక్క ఇక్కడే ఉంది. వరండా ఈ గోడ అవతలే ఉంది. మీరే చూడండి సార్."

అక్క బిడ్డతో మెట్లెక్కింది. పెద్ద సారు ఎదురుగా నిలబడి, "అవునా కాదా, నువ్వే చెప్పయ్యా," అంది. ఆయన నోరు తెరిచాడు. ఎన్నేళ్ళుగానో ఒకే మాటకి అలవాటుపడ్డ నోట్లోంచి ఇంకో మాట రాలేదు. ఎవరో మైకు తీగ పీకేశారు. కానీ అప్పటికే హాలంతా లేచి నిలబడింది. మంత్రి వరండా వైపు కాదు, కారు వైపు నడిచాడు.

పోలీసులొచ్చారు. నన్నూ తాతయ్యనీ ఆయాల పెద్దనీ వ్యానెక్కించారు. ఎక్కుతూ ఆమె, "నిదానంగా పట్టుకోరా నాయనా, మీ అమ్మకి కాన్పు చేసి నిన్ను తీసినప్పుడు నేనిలా లాగలేదు," అంది. కానిస్టేబులు చెయ్యి వదిలేశాడు.

ఊచల్లోంచి చూస్తే గేటు కనిపించింది. వ్యాను ముందు నేల మీద మనుషులు కూర్చున్నారు. విద్యార్థులు, ఆయాలు, చాపలు చుట్టి చంకన పెట్టుకొచ్చిన వరండా ఆడవాళ్ళు. అందరికంటే ముందు అక్క, బిడ్డ. పక్కన ఆ మొదటి ఏడాది పిల్ల.

ఇన్‌స్పెక్టరు చేతిలో వైర్‌లెస్ గరగరమంది. "అక్కడ పరిస్థితి ఎలా ఉంది?"

అతను గుంపుని చూశాడు. మీట నొక్కి వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

జవాబు ఆ పిల్ల అందుకుంది. తర్వాత గేటు దగ్గర వాళ్ళు, తర్వాత వార్డుల కిటికీలు ఒక్కొక్కటీ.

"మీరే చూడండి సార్!"

వ్యాను కదల్లేదు.