మూడో పిన్ను

జంపయ్య డీజే బాక్సులు చర్చి ఆవరణలో దిగేసరికి షామియానా కింద కూడా నేల కాలిపోతోంది. ఇల్లందు నుంచి ట్రాలీ ఆటో మీద వచ్చాయవి. పెళ్లి బరాతుల్లో ఊగి ఊగి అలవాటైన పెట్టెలు, ఒక్కోటి మనిషి ఛాతీ ఎత్తు. వాటికి చుట్టిన రంగు లైట్లను మాత్రం బెంజమిన్ దగ్గరుండి విప్పించాడు.

"లైట్లొద్దా సారూ? జర కళ ఉంటుండె గదా," అన్నాడు జంపయ్య.

"ఇది జ్ఞాపకార్థ కూడిక నాయనా, బరాతు కాదు," అన్నారు షాలేమ్‌రాజు పాస్టరుగారు.

"మా బాక్సులకేం తెల్సు అయ్యగారూ? ఏది పెడితే అది పాడుతయ్."

పాస్టరుగారు నవ్వాపుకున్నారు. బెంజమిన్ కూడా కొంచెం నవ్వాడు. ఏడాది నుంచి అతనికి ఇలాంటి చిన్నచిన్న నవ్వులే ఊతం.

చండ్రుగొండ హైస్కూల్లో అతను సోషల్ చెప్తాడు. భార్య హెప్సిబా పోయి ఆ రోజుకు ఏడాది. సంవత్సరం కూడికకు డీజే ఏమిటని సంఘంలో ఒకరిద్దరు గొణిగారు. కారణం బెంజమిన్ పాస్టరుగారికి ఒక్కరికే చెప్పాడు. అత్తమ్మ గంగక్కకు వినపడదు. పూర్తిగా కాదు, పెద్ద శబ్దమైతే చెవికి ఆనుతుంది. అడవిలో వాగు అవతలి గూడెం ఆమెది. కూతురు పోయిన కబురు ఆ గూడేనికి చేరేసరికి తెల్లారింది. మే నెల ఎండల్లో శవాన్ని ఉంచలేక ముందురోజు సాయంత్రమే సమాధి చేశారు. గంగక్క వచ్చేసరికి పచ్చిమట్టి తప్ప ఏమీ లేదు. ఆ మట్టి మీద చెయ్యి పెట్టి కూర్చుని, "మొకం చూడకపోతిని. గొంతన్నా ఇనకపోతిని," అని ఒక్కమాటే పదేపదే అంది.

గొంతు ఉంది. లాప్‌టాప్‌లో ఉంది. స్కూలు పనికని వాయిదాల మీద కొన్న ఆ లాప్‌టాప్ ముందు ఓ ఆదివారం మధ్యాహ్నం భార్యను కూర్చోబెట్టి పాడమన్నాడు బెంజమిన్. కీర్తనలన్నీ వచ్చిన మనిషి, ఆ రోజు ఎందుకో ఇప్పపూలు ఏరేటప్పుడు అమ్మ పాడే పాట పాడింది. మామూలు పాటే. పొద్దున్నే చెట్టు కింద నేల తెల్లగా పరుచుకుని ఉంటే ఆడవాళ్లు కలిసి పాడుకునేది. చలికాలంలో గంగక్క వచ్చినప్పుడు దాన్ని వినిపించబోయాడు. ఆమె లాప్‌టాప్‌కు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు ఉంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"యశోద గొంతు గింత సన్నగైపోయిందా అల్లుడా?"

హెప్సిబా అన్నది బాప్తిస్మంలో పెట్టిన పేరు. తల్లికి ఆమె ఎప్పుడూ యశోదే. ఆ మాట అన్న రోజే బెంజమిన్ మనసులో అనుకున్నాడు, ఒక్కసారైనా ఆ గొంతు ఈమె చెవిలో పడేట్టు చెయ్యాలని.

రెండువేల తొమ్మిది నాటికి చండ్రుగొండ మధ్యాహ్నాల్లో కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఉన్నా బల్బు మినుకుమినుకుమనేది. అందుకని జంపయ్య తన ఆంప్లిఫయర్లను సొంత జనరేటరు మీద పెట్టుకున్నాడు. నేల తవ్వి ఓ ఇనుపకడ్డీ పాతి జనరేటరుకు ఎర్తు ఇచ్చాడు. లాప్‌టాప్ చార్జరును మాత్రం చర్చి గోడకున్న ప్లగ్గులో పెట్టారు. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తెచ్చి మిక్సరుకు కలిపి, జంపయ్య సౌండు పెంచాడు.

గుయ్యిమంటూ ఒక మోత. పాట ఇంకా మొదలే కాలేదు.

జంపయ్య వైరు మార్చాడు. అదే మోత. జేబులో సెల్‌ఫోను తీసి దూరంగా పెట్టాడు. అదే. పాట పెట్టి చూశారు. మోత కింద హెప్సిబా గొంతు నీళ్లలో మునిగిన మనిషి పిలిచినట్టుంది.

ముందువరసలో పెద్ద బాక్సుకు ఆనుకుని కుర్చీ వేసుకున్న గంగక్క ఉలిక్కిపడి లేచింది. "ఏంది అల్లుడా, తేనెపట్టు కదిలిందా? జరుగుండ్రి, కుడతయ్!"

షామియానా కింద నవ్వులు. ఆమె కూడా సిగ్గుపడి నవ్వి కూర్చుంది. బెంజమిన్‌కు నవ్వు రాలేదు. ఆమె చెవికి అందింది ఆ మోత ఒక్కటే.

"సారూ, ఒక్కసారి చార్జరు పీకుండ్రి," అన్నాడు జంపయ్య.

పీకాడు. మోత తీసేసినట్టు పోయింది. హెప్సిబా గొంతు నిలువెత్తున లేచింది. గంగక్క తల పైకెత్తింది. అంతలోనే లాప్‌టాప్ తెర నల్లబడి ఆరిపోయింది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. చార్జరు లేకుండా ఒక పాట సగం కూడా లాగలేదు.

"దొరికింది దొంగ," అంటూ జంపయ్య హుషారుగా కటింగ్ ప్లేరు తీశాడు. "జనరేటరుకు ఒక ఎర్తు, చర్చికి ఒక ఎర్తు. రెండు ఎర్తులు కలిస్తే గిట్లనే మొత్తుకుంటది. గీ ప్లగ్గుల పెద్ద పిన్నున్నది చూడుండ్రి, దీన్ని ఇరిచేస్తే గొంతు సాఫ్. అన్ని పెండ్లిళ్లల్ల గిదే మందు."

ప్లేరు నోరు పిన్నును పట్టేలోపు బెంజమిన్ చెయ్యి అడ్డం వచ్చింది.

"వద్దు జంపయ్యా."

"ఏంగాదు సారూ. కరెంటుకు రెండు పిన్నులు చాలు. మూడోది కంపెనోళ్లు షోకుకు పెడతరు."

"వద్దన్న గదా." మాట పెద్దగా వచ్చింది. పాస్టరుగారు తల తిప్పి చూశారు. బెంజమిన్ ప్లగ్గును రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా చెప్పాడు. "పోయిన ఏడు పిల్లల బైబిల్ క్లాసులకని ఇనుప కూలరు కిరాయికి తెచ్చినం. మా ఇంటామె దాంట్ల నీళ్లు పోస్తుంటే షాకు కొట్టింది. ఆ కూలరు ప్లగ్గుకు ఈ పిన్ను లేదు. ఎవరో ఇరిచిండ్రు. ఎందుకు ఇరిచిండ్రో ఏమో."

జంపయ్య ప్లేరును చూసుకున్నాడు. దాన్ని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి వెళ్లి, మిక్సరు పక్కన తనకు గాలి తోలుతున్న ఇనుప స్టాండు ఫ్యాను స్విచ్చు ఆపి, చర్చి గోడ నుంచి దాని ప్లగ్గు పీకాడు. దానికి రెండే పిన్నులు, మూడోది విరిచిన మొండి. బెంజమిన్ చూశాడు, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. జంపయ్య చెమటలు కక్కుతూ నేల మీద కూర్చుని, బుర్ర గోక్కున్నాడు.

"ఇంకో దారి ఉన్నది సారూ. రెండూ ఒక్క ఎర్తు మీదికి రావాలె. లాప్‌టాప్‌ను గూడ నా జనరేటరు మీదనే పెడదాం. కాకపోతే నా బోర్డుల ఒక్కటే హోలు ఖాళీ. అది లూజు. అందుకే ముందుగాల చెప్పలె."

"లూజంటే?"

"మనిషి పట్టుకుంటే ఉంటది. ఇడిస్తే పడుతది."

బోర్డు పెద్ద బాక్సు వెనకాల నేల మీద ఉంది. ప్లగ్గు పెట్టి, సందులో అట్టముక్క మడిచి దూర్చారు. సౌండు పెంచగానే బాక్సు అదురుకు అట్ట జారింది, ప్లగ్గు వాలింది, తెర మళ్లీ నల్లబడింది. గంగక్క అడిగింది, "కాదా అల్లుడా? కాకుంటే పోనియ్యి. ఎండల నీకెందుకు గోస?"

బెంజమిన్ ఏడాదిగా ఇంట్లో స్విచ్చు వెయ్యాలన్నా కర్ర పుల్లతో వేస్తున్నాడు. ఫ్యాను తిరుగుతుంటే దాని కింద పడుకోలేడు. ఇప్పుడు ప్యాంటు పైకి లాక్కుని బాక్సు వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాస్టరుగారు గబగబా వచ్చి ఎండిన చెక్కపలక ఒకటి అతని కింద వేశారు. "దీని మీద కూర్చో బెంజమిన్," అన్నారంతే.

"ప్లాస్టిక్ దగ్గర పట్టుకోండ్రి సారూ. భయంలేదు, నేను చూస్తున్న," అని జంపయ్య లాప్‌టాప్ దగ్గరికి వెళ్లాడు.

బెంజమిన్ ప్లగ్గును బోర్డుకు నిటారుగా అదిమిపట్టాడు. మూడు పిన్నులూ లోపలికి దిగాయి.

మోత లేదు. మొదట ఆ నిశ్శబ్దమే వినిపించింది. ఆ తర్వాత హెప్సిబా పాడింది.

బాక్సు వెనకాల నుంచి అతనికి గొంతు స్పష్టంగా రాలేదు. చెక్క అదురు మాత్రం ప్లగ్గు మీదుగా వేళ్లలోకి వచ్చింది. రెండు బాక్సుల సందులోంచి గంగక్క కనిపిస్తోంది. ఆమె అరచెయ్యి బాక్సుకు ఆనించింది, చంటిపిల్ల వీపు మీద పెట్టినట్టు. మొదటి చరణం కదలకుండా వింది. రెండో చరణానికి ఆమె పెదవులు కదిలాయి. కూతురు ఒకచోట పల్లవి తప్పు పాడితే గంగక్క నాలుక చప్పరించి, "ఊహూ, గట్ల కాదే," అంది. షామియానా కింద ఎవరూ నవ్వలేదు.

పాట అయిపోవస్తోందని బెంజమిన్‌కు తెలిసింది. పాట చివర ఒక మాట ఉంది. ఎప్పుడు విన్నా ఆ మాట రాకముందే ఆపేస్తాడు. ఒక్కసారి విన్నాడు, చాలనుకున్నాడు. ఆపమని జంపయ్యకు చెప్పడం మర్చిపోయాడు. ఇప్పుడు అరిచినా ఈ చప్పుడులో వినపడదు. చెయ్యి వదిలితే ఆగిపోతుంది. వదలొచ్చు. గంగక్క ముఖం చూశాడు. వదల్లేకపోయాడు.

పాట ఆగింది. గిన్నె మీద మూత కదిలిన చప్పుడు. తర్వాత హెప్సిబా, నవ్వుతూ, ఆవరణంతా నిండేలా: "చాలా ఇగ? నన్ను పోనియ్యి. పొయ్యి మీద పప్పున్నది."

గంగక్క వెంటనే, పక్కింట్లో ఉన్న కూతురితో మాట్లాడినట్టే, గట్టిగా జవాబిచ్చింది.

"పో బిడ్డా. పో. మాడుతది."

ఆ తర్వాత బాక్సుల్లోంచి ఏమీ రాలేదు. చిన్న గుయ్యి కూడా లేదు. బెంజమిన్ నుదురు చెక్కకు ఆనించాడు. ఏడాదంతా రానిది అప్పుడొచ్చింది. చేతులు రెండూ ప్లగ్గు మీద ఉన్నాయి గనుక కళ్లు తుడుచుకునే వీల్లేకపోయింది.

జంపయ్య వంగి గంగక్క చెవి దగ్గర గట్టిగా అడిగాడు. "మళ్ల పెట్టాల్నా అవ్వా?"

గంగక్క బాక్సు మీద నుంచి చెయ్యి తీసి, ఆ అరచేతిని ఒకసారి చూసుకుని, ఒళ్లో పెట్టుకుంది.

"వద్దు బిడ్డా," అంది. "పనిల ఉన్నది గదా."

బాక్సు వెనక బెంజమిన్ ఆ మాట విన్నాడు. కొంచెంసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా ప్లగ్గు వదిలాడు.