తనిఖీ రోజున ఊరు తిరిగిన కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. పెద్ద చక్రాలు రెండు, చిన్నవి రెండు, కూర్చోవడానికి నల్ల రెక్సిను. కుడి చక్రానికి బ్రేకు ఉంది. ఎడమ చక్రానికి బ్రేకు పిడి మాత్రమే ఉంది. ఈ తేడా గుర్తుంచుకోండి.

నన్ను విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో తయారుచేశారు. పైపులు వంచినవాడు, అతికించినవాడు ఒక్కడే. పని అయ్యాక అతను నాలో కూర్చుని, ఒళ్ళో క్యారియర్ పెట్టుకుని అన్నం తిన్నాడు. అలా నాలో మొదట కూర్చున్నవాడు రోగి కాదు, ఆకలేసిన వెల్డరు. తిన్నాక ఒకసారి అటూ ఇటూ ఊగి, బాగానే ఉందన్నాడు. నా జీవితంలో నిజమైన తనిఖీ అదొక్కటే అనుకుంటాను.

గిద్దలూరులో బట్టల కొట్టు నడిపే ఒకాయన తుంటి విరిగిన తల్లి కోసం నన్ను కొన్నాడు. ఆమె పేరు వెంగమ్మ. ఎవరైనా చూడటానికి వస్తే ఆమె నాలోంచి దిగి మంచం మీదకు చేరేది. కుర్చీలో కనిపిస్తే ఇక నడవదని ఊరు తీర్మానిస్తుందని ఆమె భయం. ఆమె పోయాక కొడుకు నన్ను మాజీ సైనికుల సంరక్షణ గృహానికి దానమిచ్చాడు. ఇచ్చేముందు నా వీపు మీద తెల్ల పెయింటుతో రాయించాడు: కీర్తిశేషులు వెంగమ్మ గారి జ్ఞాపకార్థం, మాజీ సైనికుల గృహానికి బహూకరణ. కింద తన పేరు. తల్లి పేరు కంటే కొడుకు పేరుకు పెయింటు ఎక్కువ పట్టింది.

ఆ గృహం ఊరి బయట, నంద్యాల రోడ్డు మీద ఉంది. ట్రస్టు నడుపుతుంది, ప్రభుత్వం కొంత ఇస్తుంది. అందులో పదిమంది పాత సైనికులు. వాళ్ళకు వంట చేసే మనిషి వేరు. స్నానాలు, కట్లు, మందులు, మంచం మీద ఉన్నవాళ్ళను ఒత్తిగిలించడం, ఇదంతా రూతమ్మ అనే ఆయా పని. ఆమె ఒక్కతే.

నన్ను నాయక్ గాలెయ్యకు ఇచ్చారు. నాయక్ అన్నది పట్టాళంలో ఆయన హోదా, పని లారీ తోలడం. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. షుగరు ఉంది. ఎడమ మడమకు పుండు పడింది. మంచం మీద ఎక్కువసేపు ఒకే వైపు ఉంటే పడే పుండు అది. మనిషిని తరచుగా తిప్పుతూ ఉంటే మానుతుంది. గాలెయ్యను తిప్పాలంటే ఇద్దరు కావాలి. రూతమ్మ ముందు నా ఎడమ చక్రం వెనక ఇటుక పెట్టేది, తర్వాత ఆయన చంకల కింద చేతులు వేసేది, ఆ తర్వాత ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూసేది. చాలాసార్లు ఎవరూ రారు.

"ఇటుక బ్రేకు వేసినావా రూతమ్మా?" అని గాలెయ్య అడిగేవాడు. "పట్టాళంలో మూడు టన్నుల బండి తోలినోణ్ణి. ఇటుక మీద నిలబడే బండి మాత్రం ఇదే చూడటం."

ఇంకొక ఆయాను ఇమ్మని మేనేజరు పైకి రాశాడు. సంరక్షణ ఎలా ఉందో చూసే ఏటి తనిఖీకి ఈసారి కొత్తగా వస్తున్న డాక్టరు నాగవేణి గారు, అవసరం ఉందో లేదో చూసి చెబుతారని జవాబొచ్చింది. గాలెయ్య కాలు ఆ మాట మీద ఆధారపడి ఉందని రూతమ్మకు తెలుసు. గాలెయ్యకూ తెలుసు.

కానీ ఆ గృహంలో మేనేజరు మాట కంటే సుబేదార్ కాశింపీరా మాట చెల్లుతుంది. ఆయన కూడా ఆ పదిమందిలో ఒకడే. డెబ్బై దాటినా మీసం మెలితిప్పి, మంచం దుప్పటి ముడత లేకుండా పరిచేవాడు. తనిఖీ కబురు వచ్చిన రోజున ఆయన ముఖం వెలిగింది. గోడకు సున్నం వేయించాడు. మంచాలను తాడు పట్టి వరసలో పెట్టించాడు. చేతులు ఆడేవాళ్ళందరికీ పాలిష్ డబ్బా పంచాడు.

పట్టాళంలో ఒక అలవాటు ఉండేదట. పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడంటే విరిగిన మంచాలు, చిల్లుపడ్డ బిందెలు, నడవని యంత్రాలు లారీకెత్తి, అధికారి వెళ్ళేదాకా రోడ్డు మీద తిప్పుతూ ఉండమని డ్రైవరుకు చెప్పేవారు. అధికారి చూసేది మంచి సామాను మాత్రమే. ఆ లారీ తోలింది గాలెయ్యే. ఆ పేరుతో ఎన్ని ఊళ్ళు చూశాడో నాలో కూర్చుని చెప్పేవాడు.

ఇక్కడా అదే ఏర్పాటు. సుబేదార్ ఒక ట్రాలీ ఆటో మాట్లాడాడు. కుంటి మంచం, దూది బయటపడ్డ పరుపులు, నేను. రూతమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని అడ్డం వచ్చింది.

"డాక్టరమ్మ చూడాల్సింది వీటినే గదా సారూ. అన్నీ బాగుంటే ఇంకొక మనిషిని ఎందుకిస్తారు?"

"చినిగిన చొక్కా తొడుక్కుని పరేడుకు పోతారా ఎవరైనా?" అన్నాడు సుబేదార్. "ముందు మనం పాస్ కావాలమ్మా. పాసైన యూనిట్ అడిగితే పైవాళ్ళు కాదనరు."

ఆ మాట ఆయన నమ్మకంతోనే అన్నాడు. పట్టాళంలో అది నిజమే అయి ఉండవచ్చు.

అప్పుడు గాలెయ్య అన్నాడు: "సాబ్, కుర్చీతో పాటు నన్ను గూడా ఎక్కించండి. కట్టు చూస్తే మార్కులు పోతాయి."

సుబేదార్ ఆయన వైపు తిరిగాడు. "నువ్వు సామానువా గాలెయ్యా?"

"రిపేరుకు పోయిందని చెప్పండి సాబ్. అప్పుడు స్టీరింగు ముందు కూర్చున్నా, ఇప్పుడు వెనక కూర్చుంటా. బండి మనదే గదా."

అందరూ నవ్వారు. రూతమ్మ నవ్వలేదు. ఆమె ఇటుకను కూడా ట్రాలీలో వేసి, నా ఎడమ చక్రం వెనక సర్దింది.

నా వీపు డ్రైవరు క్యాబిన్‌కు ఆనించి తాడు కట్టారు. గాలెయ్య వెనక్కి పోతున్న రోడ్డును చూస్తూ కూర్చున్నాడు. జొన్న చేలు, పెట్రోలు బంకు, పశువుల సంత దాటాం. రైల్వే గేటు పడి ఉంటే ఆగాం. తిరగాల్సిన మలుపు దాటి వచ్చేసిందేమో, జీపొకటి మా వెనకే వచ్చి ఆగింది. అందులోంచి ఒకావిడ దిగి, దారి అడగడానికి మా డ్రైవరు దగ్గరకు వెళ్తూ ట్రాలీలోకి చూసింది.

"ఎక్కడికి పెద్దాయనా ఇలా?"

"ఇల్లు మారతాండాం మేడమ్."

"ఆ కాలికి ఏమైంది?"

"చెప్పు కరిచింది."

ఆ కాలు చెప్పు తొడిగి ఏళ్ళయింది. ఆవిడ కట్టు వైపు వంగి చూసింది. తను డాక్టరునని, మాజీ సైనికుల గృహానికి వెళ్తున్నానని చెప్పింది. "వీలైతే అక్కడికి రండి. కట్టు విప్పి చూస్తాను. ఇలాంటిది ఆలస్యం చెయ్యకూడదు. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నారు మేడమ్. మా చెల్లెలు బాగా చూసుకుంటాది."

సెల్యూట్ కోసం లేచిన ఆయన కుడిచెయ్యి మధ్యలో ఆగి తల గోక్కుంది.

ఆయన ఎవరో, ఎక్కడివాడో నా వీపు మీద తెల్ల అక్షరాల్లో రాసి ఉంది. నా వీపు క్యాబిన్‌కు ఆని ఉంది. ఆవిడ ఒక అడుగు పక్కకు వేసి తొంగిచూస్తే చదవగలిగేది. రైలు పోయింది, గేటు లేచింది. మా డ్రైవరు ఆవిడకు దారి చెప్పాడు. జీపు వెనక్కి తిరిగింది, మేం ముందుకు పోయాం. గాలెయ్య ఆ దుమ్మును చాలాసేపు చూశాడు. యూనిట్ మాట పోకుండా కాపాడానన్న తృప్తి ఆయన ముఖంలో ఉందని నాకు అనిపించింది. చెయ్యి మాత్రం నా బ్రేకు పిడిని వదల్లేదు.

గృహంలో జరిగింది తర్వాత విన్నాను. పదో మనిషి ఏడంటే చుట్టాల పెళ్ళికి వెళ్ళాడన్నారు. ఏమైనా ఫిర్యాదులున్నాయా అని ఆవిడ అడిగితే తొమ్మిదిమంది ఒక్క గొంతుతో "నో కంప్లైంట్ మేడమ్" అన్నారట. తల ఊపడం తప్ప మాట రాని ఆయన కూడా ఆ రోజు పెదవులు కదిపాడట.

ఫలితం వచ్చిన రోజున మేనేజరు జిలేబీలు తెప్పించాడు. సంరక్షణ చాలా బాగుందని రాశారు. అందరూ తింటూ ఉండగా మిగతాది చెప్పాడు. ఉన్న సిబ్బందితోనే ఇంత బాగా నడుస్తోంది కాబట్టి ఇంకొక ఆయా అవసరం లేదు, ఆ మనిషిని వేరే చోటికి ఇచ్చారు. రూతమ్మ తన వంతు జిలేబీ కాగితంలోనే ఉంచి, నా ఎడమ చక్రం వెనక ఇటుక పెట్టడానికి వంగింది. సుబేదార్ ఆ రోజు నుంచి ఆమెకు సాయం పట్టడానికి వచ్చేవాడు. రెండుసార్లు ఎత్తేసరికి ఆయన నడుం పట్టేసింది.

పుండు ఎముక దాకా పోయింది. వానలు మొదలయ్యాక గాలెయ్యను పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నాలోంచి స్ట్రెచర్ మీదకు మార్చేటప్పుడు ఆయన కుడిచెయ్యి చాచి పనిచెయ్యని ఎడమ బ్రేకు పిడిని పట్టుకున్నాడు. "పట్టుకోడానికైతే బాగుంది" అన్నాడు. అక్కడ పాదం తీసేశారు. ఆయన తిరిగి రాలేదు.

మరుసటి ఏడు తనిఖీ కబురు రాగానే ఎవరూ చెప్పకుండానే అదే ట్రాలీ వచ్చింది. డ్రైవరు నన్ను ఎత్తి లోపల పెట్టాడు. సుబేదార్ వరండాలోంచి చూశాడు. "దించు" అన్నాడు. నన్ను తనే తోసుకొచ్చి గుమ్మానికి ఎదురుగా నిలిపాడు, వీపు మెట్ల వైపు పెట్టాడు. చక్రం వెనక ఇటుక పెట్టాడు. ఆ రోజు సున్నం వేయించలేదు.

డాక్టరు నాగవేణి గారు మెట్లెక్కి నా వీపు చదివారు. చుట్టూ తిరిగి నల్ల రెక్సిన్ను, ఇటుకను చూశారు.

"ఈ కుర్చీని రైల్వే గేటు దగ్గర చూశాను. ఇందులో ఒక పెద్దాయన ఉండాలి. ఇల్లు మారుతున్నామన్నాడు."

"మావాడే మేడమ్. నాయక్ గాలెయ్య."

"ఏడీ?"

సుబేదార్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. జవాబు రూతమ్మ చెప్పింది. "లేడమ్మా."

డాక్టరు గారు కాసేపు నా చేతి మీద చెయ్యి వేసి ఉంచారు. తర్వాత అడగాల్సినదే అడిగారు, ఏమైనా ఫిర్యాదులున్నాయా అని. ఉద్యోగం మొత్తంలో సుబేదార్ ఆ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పాడు. ఈసారి ఆయన అటెన్షన్ వదిలి ముందుకు వచ్చాడు.

"ఉంది మేడమ్. నా మీద గూడా ఉంది."

రెండో ఆయా వచ్చింది. పేరు సుగుణ. ఇప్పుడు రూతమ్మ చంకల కింద పట్టుకుంటే ఆమె మోకాళ్ళ కింద పట్టుకుంటుంది. మంచం మీద ఉన్నవాళ్ళందరినీ వేళకు తిప్పుతున్నారు. ఉన్న తొమ్మిదిమందిలో నా అవసరం ఉన్నవాడు లేడు. వరండా మూలన నన్ను ఉంచారు. ఉతికిన దుప్పట్లు మడిచి నా మీద పెడతారు. సుబేదార్ పొద్దున్నే వచ్చి నా పక్క అరుగు మీద కూర్చుంటాడు కానీ నాలో కూర్చోడు.

పోయిన నెల మెకానిక్కును పిలిపించి నా ఎడమ బ్రేకు బాగుచేయించారు. గట్టిగా పట్టుకుంటోంది. నన్నిప్పుడు ఎవరూ కదిలించరు.